నాలుగో సిలిండర్ శివారు భూమి లాంటిది

(కోనసీమలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, రేసింగ్ కార్లు ట్యూన్ చేసే ఒక గ్యారేజీ యజమాని మెకానికల్ విద్యార్థులతో మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసినవి.)

నమస్కారమండి అందరికీ. వెనక బెంచీలకి వినపడతోందా? వినపడితే చెయ్యెత్తండి. ఆ కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ఎత్తలేదు, బాబూ ఆ స్పీకరు కొంచెం అటు తిప్పు. ఇప్పుడు? ఆయ్, సరే.

మీ సారు ఫోన్ చేసి, మా పిల్లలు ఫార్ములా స్టూడెంట్ అని కాలేజీ పిల్లల పోటీకి రేసు కారు కడుతున్నారండి, ఇంజిన్ గురించి బాగానే చదివారు గానీ పెట్రోలు సైడు ఎవరూ పట్టించుకోవట్లేదు, వచ్చి దాని గురించి చెప్పండి అన్నారు. నిజమేనండి, మా గ్యారేజీకి వచ్చేవాళ్ళు కూడా అంతే, టర్బో కొంటారు, ఇంటర్‌కూలర్ కొంటారు, సైలెన్సరు సౌండు కోసం పాతికవేలు పెడతారు, పెట్రోలు పైపు దగ్గరికి వచ్చేసరికి మీటరు ఎంత అని బేరం మొదలెడతారు. ఆ పైపు వల్లే ఇంజిన్ పోద్ది. నా చేతిలోనే ఒకటి పోయింది, అది చెప్తాను, కానీ ముందు వేరే సంగతి.

మీలో ఎంతమందికి ఇంట్లో వ్యవసాయం ఉంది? చాలామందికే ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు, అక్కణ్ణుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలవలు. నూట డెబ్భై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ దాళ్వా, అదే రబీ వరి, వచ్చిందంటే మన ఊళ్ళల్లో గొడవ ఒక్కటే కదండి, శివారుకి నీళ్ళు అందాయా లేదా. బ్యారేజీ దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలారని పేపర్లో వేస్తారు, ఆ అంకె చూసుకుని శివారు రైతు నారు పొయ్యడు, తన చేను గట్టు మీద నిలబడి బోదెలోకి చూస్తాడు, నీళ్ళు కనపడితే అప్పుడు పోస్తాడు. మీరు ఫ్యూయల్ సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు ఆ గట్టు మీద నిలబడాలి. ట్యాంకు దగ్గర కాదు, పంపు దగ్గర కాదు, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఆఖరి ఇంజెక్టర్ మొన దగ్గర. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి.

ఒక కారు తీసుకుందాం. పాత హోండా సిటీ 1.5 వీటెక్, కంపెనీ నుంచి 106 హార్స్‌పవర్. దానికి టర్బో పెట్టి ఒక బార్ బూస్ట్‌తో, అంటే బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ప్రెషర్‌తో గాలిని లోపలికి తోసి, 200 హార్స్‌పవర్ తీద్దామనుకున్నాం. పెట్రోలు ఎంత కావాలి? టర్బో ఇంజిన్ ఫుల్ లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి దగ్గర దగ్గర 270 గ్రాములు తాగుద్ది, టర్బో లేనిదైతే 225 దాకా. టర్బోదానికి ఎందుకెక్కువ అంటే, పిస్టన్ చల్లగా ఉండాలని, నాకింగ్, అంటే మిక్స్చర్ తనంతట తనే పేలడం, రాకూడదని మిక్స్చర్ రిచ్‌గా, అంటే గాలికి పెట్రోలు ఎక్కువగా పెడతాం, మామూలు లెక్క బరువులో 14.7 గాలికి 1 పెట్రోలు అయితే మనం 11.5, 12 దగ్గర నడుపుతాం, ఆ ఎక్కువ పెట్రోలు కాలడానికి కాదు, వేడి లాక్కోడానికి. సరే, 200 ఇంటూ 270, 54 కేజీలు, లీటరు 740 గ్రాములు వేసుకుంటే 73 లీటర్లు వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా ఈ20, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, కాబట్టి ఇంకో ఏడు శాతం కలపాలి, ఇథనాల్‌కి గాలి నిష్పత్తి 9కి 1 కదా, తక్కువ గాలికి ఎక్కువ ఇంధనం. 80 లీటర్లు అనుకోండి గంటకి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఇంక మాటంతా దీని చుట్టూనే.

80 లీటర్లంటే నిమిషానికి 1333 సీసీ, నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి 333. కానీ ఇంజెక్టర్‌ని పూర్తిగా తెరిచి ఉంచకూడదు. 7000 ఆర్‌పీఎమ్ మీద ఒక సైకిల్‌కి మనకి దొరికే టైము 17 మిల్లీసెకన్లు, అందులో 80 శాతం అంటే పద్నాలుగు లోపు, దానికి తెరుచుకోడానికి మూసుకోడానికి కూడా టైము కావాలి కదా, 85 దాటిస్తే అది మూసుకునేలోపే మళ్ళీ తెరవమని ఆర్డర్ వచ్చేస్తది, ఇంక ఈసీయూ, అదే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, చెప్పిన మాట వినదు. అందుకని 333ని 0.8తో భాగించండి, 416. మార్కెట్‌లో 440 సీసీ దొరుకుద్ది, అది వేస్తాం. ఆ 440 అనేది 3 బార్ ప్రెషర్ మీద కొలిచిన అంకె, ఈ మాట డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పోతారు.

కాలవకి తూము ఉందనుకోండి. తూములోంచి ఎన్ని నీళ్ళు పోతాయి అనేది కాలవలో నీళ్ళ మట్టం బట్టి అని అందరం అనుకుంటాం. సగమే నిజం. తూము అవతల, చేలో నీళ్ళు నిండిపోయి తూము మునిగిందనుకోండి, కాలవ మట్టం అంతే ఉన్నా నీళ్ళు మందగిస్తాయి, రెండు మట్టాలూ ఒకటైతే ఆగిపోతాయి. అంటే తూముని నడిపేది కాలవ మట్టం కాదండి, అటూ ఇటూ తేడా. ఇంజెక్టర్ కూడా అచ్చం అలాంటి తూమే. ఇటు రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు పంచే గొట్టంలో, పెట్రోలు ప్రెషర్, అటు మ్యానిఫోల్డులో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, గాలి ప్రెషర్. టర్బో లేనప్పుడు మ్యానిఫోల్డులో బయటి గాలి కంటే ఎక్కువ ఎప్పుడూ ఉండదు కాబట్టి ఫుల్ థ్రాటిల్ మీద తేడా 3 బార్ అలాగే ఉంటది. టర్బో ఒక బార్ తోస్తే? రైలులో 3, అవతల 1, తేడా 2. ఫ్లో దాని వర్గమూలం బట్టి పోద్ది, మూడింట రెండుకి వర్గమూలం 0.816. అంటే 18 శాతం పెట్రోలు తగ్గింది. ఎప్పుడు తగ్గింది? సరిగ్గా ఇంజిన్‌కి బాగా ఎక్కువ కావాల్సినప్పుడు. ఇంట్లో స్టార్ట్ చేస్తే బంగారంలా ఉంటది, మెయిన్ రోడ్డు మీద మామూలుగా నడిపితే బంగారంలా ఉంటది, తొక్కినప్పుడు మాత్రం లీన్ అవుద్ది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు.

దీనికి మందు, రైలు ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌కి మ్యానిఫోల్డు నుంచి ఒక సన్న గొట్టం వెయ్యడం. బూస్ట్ ఒక బార్ పెరిగితే రైలు ప్రెషర్ కూడా ఒక బార్ పెరుగుద్ది, 4 అవుద్ది, తేడా మళ్ళీ 3. ఆ గొట్టం ఊడిపోతే ఇంజిన్ పోద్ది, అందుకని నేను దానికి రెండు వైపులా క్లాంపు వేస్తాను, వేరే దేనికీ అందులోంచి టీ జాయింటు తియ్యను. బూస్ట్ గేజికి ఇంకో చోట తీసుకోండి.

అయితే ఇప్పుడు పంపు సంగతేంటి? పంపు 4 బార్ మీద 80 లీటర్లు ఇవ్వాలి, మనకి మార్జిన్ కావాలి కాబట్టి 100 అనుకోండి. పంపు డబ్బా మీద గంటకి 255 లీటర్లు అని ఉంటది, చాలు కదా అనిపిస్తది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు ఫ్లో తగ్గుద్ది, దానికి ఒక గ్రాఫు ఇస్తారు, ఆ గ్రాఫు కింద ఇంకో మాట ఉంటది, 13.5 వోల్టుల మీద అని. మరి మీ పంపు ఎక్కడుంది? డిక్కీ కింద. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తంది? ముందు బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ మీదుగా, పాతికేళ్ళ నాటి సన్న వైరులో, నాలుగు కనెక్టర్లు దాటి. చెరువులు ఉన్నవాళ్ళకి తెలుసు కదండి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చెరువులో ఏరియేటర్లు గిర్రున తిరుగుతాయి, లైను చివర చెరువులో అవే ఏరియేటర్లు మూలుగుతాయి, లో వోల్టేజీ. ఇదీ అంతే. మా గ్యారేజీలో ఒక కారుకి ఆల్టర్నేటర్ దగ్గర 14 ఉంది, ఫుల్ లోడు మీద పంపు టెర్మినల్స్ దగ్గర మీటర్ పెడితే 11.8 వచ్చింది. బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, పంపు పక్కన రిలే, బాడీకి మంచి ఎర్త్, ఇంతే చేశాం, పంపు మార్చలేదు, గంటకి ఎన్ని లీటర్లని కొలిస్తే పాత ఫ్లో మీద ఐదో వంతు పైన పెరిగింది. పంపు కొనే ముందు వైరు చూడండి బాబూ, ఎన్ని కార్లకి అనవసరంగా పెద్ద పంపు వేశామో.

పంపుకి ముందు వైపు, అంటే పీల్చుకునే వైపు, ఎప్పుడూ లావు పైపు, పొట్టి పైపు. పెట్రోలుని గట్టిగా పీలిస్తే అది ఆవిరైపోద్ది, మన ఎండాకాలంలో ఇంకా తొందరగా, పంపు ఆవిరిని తొయ్యలేదు. ముందు వైపు 100 మైక్రాన్ల జాలీ చాలు, సన్నది 10 మైక్రాన్లది పంపు తర్వాత పెట్టండి, తిరగేసి పెట్టినవాళ్ళున్నారు, పంపు ఊపిరాడక అరుస్తది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నాలుగేళ్ళయింది. పాలకొల్లు కుర్రాడు ఒకతని సిటీ వీటెక్, ఇందాకటి లెక్కలన్నీ దానివే. అన్నీ కొలిచి కట్టాను. ఒక్క చోట రాజీపడ్డాను, ఇంజిన్ దగ్గర చోటు లేదని రెగ్యులేటర్‌ని రైలుకి ముందే పెట్టేసి రైలు చివర బిరడా బిగించేశాను. రెండోది, ఫిల్టర్ నుంచి ఆ రెగ్యులేటర్ మీదుగా రైలు దాకా మూడడుగుల రబ్బరు గొట్టం, ఒక షాపులో ఇంజెక్షన్ గొట్టమే అని ఇచ్చారు, పైన ఏ అక్షరాలూ లేవు, తీసుకుని వేసేశాను. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేకి తీసుకెళ్ళాం. డాష్ మీద వైడ్‌బ్యాండ్ మీటర్, పొగని బట్టి గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి చూపించేది, 12.5 చూపిస్తంది, కొంచెం లీన్ వైపుంది గానీ భయపడేంత కాదు, ఇంకో రెండు ల్యాపులు చూద్దాం అన్నాను. అన్నది నేనే. స్ట్రెయిట్ మీద తెల్ల పొగ, తర్వాత నీలం పొగ, ఆగిపోయింది.

ప్లగ్గులు విప్పాం. ఒకటి, రెండు, మూడు చక్కగా బిస్కెట్ రంగులో ఉన్నాయి. నాలుగోది పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు, వెలుతురులో పెడితే మెరుస్తున్నాయి. అల్యూమినియం అండి అది. పిస్టన్ కరిగి ప్లగ్గు మీద అతుక్కుంది. హెడ్ తీస్తే పిస్టన్‌లో చిటికెన వేలు పట్టే కన్నం.

నాలుగో ఇంజెక్టర్ పైభాగంలో చిన్న బుట్ట ఫిల్టర్ ఉంటది, పెసరగింజంత. దాన్ని లాగి చూస్తే నల్లగా ఉంది, గుడ్డ మీద రుద్దితే కాటుక రాసినట్టు అంటుకుంది. ఆ రబ్బరు గొట్టాన్ని నిలువుగా కోశాను. లోపలి పొర ఇథనాల్‌కి నాని, చిట్లి, పెచ్చులు లేచిపోయి ఉంది, వేలితో గీస్తే ఊడొచ్చేస్తంది. ఫిల్టర్ మంచిదే, కానీ ఫిల్టర్ దాటాక పుట్టిన చెత్తని ఫిల్టర్ ఎలా ఆపుద్ది? ఆ చెత్త ఎక్కడికి పోయింది? రైలు చివర మూసేశాను కదా, అక్కడికి చేరింది. మన పంట కాలవలో గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుంటది, చివర తూము దగ్గరే కదండి.

మరి మీటర్ 12.5 ఎందుకు చూపించింది? ఇది రాసుకోండి. ఆ సెన్సరు నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట ఉంటది. మూడు సిలిండర్లు 11.8 దగ్గర ఉండి నాలుగోది 15 దగ్గర ఉంటే, లెక్క వేసి చూడండి, కలిపితే 12.5 వస్తది. మీటర్ అబద్ధం చెప్పలేదు. సగటు చెప్పింది. పేపర్లో క్యూసెక్కుల అంకె లాంటిది.

ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు, వాళ్ళ నాన్నగారు మాత్రం వచ్చి గొట్టం ముక్క చేతిలో పట్టుకుని, ఇదేనాండి రెండు లక్షల ఇంజిన్‌ని తినేసింది అన్నారు. ఇంజిన్ నా ఖర్చుతో కట్టిచ్చాను. గొట్టం ముక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, మీకు చూపించడానికి తెచ్చాను, అందరూ చూసి అటు పంపండి, గట్టిగా ముట్టుకోకండి, నలుపు అంటుద్ది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. రెగ్యులేటర్ రైలు చివరే, పెట్రోలు నాలుగు ఇంజెక్టర్ల ముందు నుంచి పారుకుంటూ వెళ్ళి, మిగిలింది వెనక్కి ట్యాంకుకి పోవాలి. చెత్తా ఆగదు, గాలి బుడగా ఆగదు, రైలు కూడా చల్లగా ఉంటది. గొట్టం లోపలి పొర పీటీఎఫ్ఈ, అదే టెఫ్లాన్, 200 హార్స్‌పవర్‌కి ఏఎన్ 6 సైజు ధారాళంగా సరిపోద్ది. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్క ఉంటది చూడండి, పంపుకీ మూతకీ మధ్య, అక్కడ మామూలు ఇంజెక్షన్ గొట్టం కూడా పనికిరాదు, దాని లోపలి పొర పెట్రోలుకి తట్టుకుంటది గానీ పై పొర తట్టుకోదు, మునిగి ఉండే గొట్టం వేరే, దాని మీద 30ఆర్10 అని రాసి ఉంటది. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, వర్షాకాలంలో కారు నెలల తరబడి సగం ట్యాంకుతో పెట్టేస్తే ఇథనాల్ ఆ తేమ పీల్చుకుంటది, మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది అడుగు నుంచే. రేసు కారు షెడ్డులో పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్యండి, లేదంటే నిండా నింపండి.

ప్రశ్నలు అడగండి. చెప్పమ్మా, మూడో బెంచీ.

(విద్యార్థిని: సార్, మాది సింగిల్ సిలిండర్. ఇంజెక్టర్ ఒక్కటే. రూల్స్ ప్రకారం 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ ఉంది. మేము సేఫ్టీకని 255 పంపు పెట్టాం. సర్జ్ ట్యాంకు కావాలా?)

మంచి ప్రశ్నమ్మా. ముందు పంపు. 20 మిల్లీమీటర్ల కన్నంలోంచి ఎంత లాగినా గాలి సెకనుకి 74 గ్రాములు దాటదు, అక్కడ గాలి శబ్ద వేగం అందుకుంటది, ఆ పైన లాగినా రాదు. 12.5కి 1 వేసుకుంటే పెట్రోలు సెకనుకి 6 గ్రాముల లోపు, గంటకి 29 లీటర్లు. ఆ రిస్ట్రిక్టర్ ఉన్నంతకాలం ఏ ఇంజిన్ పెట్టినా అంతకు మించి మీకు అక్కర్లేదు, సింగిల్‌కి అందులో సగం చాలేమో. మీరు 255 పంపు పెట్టారు, అది పది ఆంపియర్ల దాకా లాగుతది, మీ చిన్న ఆల్టర్నేటర్ ఏడుస్తది, వాడని పెట్రోలంతా రైలు చుట్టూ తిరిగొచ్చి ట్యాంకులో వేడెక్కుతది, మీ ట్యాంకు ఐదారు లీటర్లు ఉంటదేమో, అరగంట ఎండ్యూరెన్సులో గోరువెచ్చగా అయిపోద్ది. బండి ఇంజిన్‌తో వచ్చిన పంపే వాడండి. పెద్దది పెడితే సేఫ్ అనేది ప్రతి ఇంజిన్‌కీ నిజం కాదు.

సర్జ్ ట్యాంకు, అంటే మలుపుల్లో కూడా పంపుకి పెట్రోలు అందేలా పెట్టే చిన్న రెండో ట్యాంకు. 1 జీ కార్నరింగ్‌లో, అంటే మలుపులో పక్కకి తోసే బలం బరువుతో సమానమైనప్పుడు, ట్యాంకులో పెట్రోలు 45 డిగ్రీలు వాలిపోద్ది, ఇది ఊహ కాదు, జ్యామితి. ఒక గాజు డబ్బా తెచ్చి, మీ ట్యాంకు ఆకారంలో కట్టి, పావు వంతు రంగు నీళ్ళు పోసి 45 డిగ్రీలు వంచి చూడండి, మీ పికప్ పైపు నీళ్ళలో ఉందా గాల్లో ఉందా. గాల్లో ఉంటే అడుగున చిన్న గుంట, దాని చుట్టూ గోడలు, లోపలికి మాత్రమే తెరుచుకునే రేకు తలుపులు. మీకు అదే చాలు. ఆ 200 హార్స్‌పవర్ సిటీకైతే వేరే సర్జ్ ట్యాంకు కావాల్సిందే, అది సెకనుకి 22 సీసీ తాగుతది, లీటరు సర్జ్ ట్యాంకు ఉంటే 45 సెకన్లు తట్టుకుంటది, అంత పొడుగు మలుపు ఏ ట్రాక్‌లోనూ లేదు.

(ఇంకో విద్యార్థి: సార్, నాలుగు ఇంజెక్టర్లు సమానంగా ఇస్తున్నాయో లేదో ఇంట్లో ఎలా చూడాలి?)

అందుకే సామాను తెచ్చాను బాబూ. నాలుగు కొలత గాజులు, పాత సిటీ రైలు, నాలుగు ఇంజెక్టర్లు, పెట్రోలు కాదు, టెస్టింగ్ ఫ్లూయిడ్. ఒక నిమిషం తెరిచి నాలుగు గాజులు పక్కపక్కన పెట్టి చూస్తాం, వాటి మధ్య తేడా రెండు శాతం దాటితే ఆ ఇంజెక్టర్ బయటికి. పెట్రోలు అయినా ఇదైనా సన్నటి తుంపర కాబట్టి గదిలో చెయ్యం, అటు బయట బాదం చెట్టు కింద చేద్దాం. మంట ఆర్పే పౌడర్ సిలిండర్ దగ్గర పెట్టాను. మంట వస్తే ఎవరూ నీళ్ళు తేకండి, పెట్రోలు నీళ్ళ మీద తేలి పాకుద్ది. కారులో కూడా ఇంజిన్ ఆగిన వెంటనే పంపు ఆగిపోయేలా ఈసీయూలో పెట్టుకోండి, యాక్సిడెంట్‌లో తెగిన పైపులోంచి పంపు పోస్తూనే ఉంటే ఇంక ఏ లెక్కా పనికిరాదు.

పదండి, ఫోన్లు ఇక్కడే బెంచీ మీద పెట్టి రండి. మూడు మంచివి, ఒకటి ఆ కోయంబత్తూరుది, శుభ్రం చెయ్యకుండా అలాగే ఉంచాను. ఏ గాజు పైన ఏది పెట్టానో చెప్పను, మీరే చూసి చెప్పాలి.